జెన్సన్ హువాంగ్ అందరి ముందే కడిగేస్తారు, నిజమే. మిగతా సగం సంగతి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. హైదరాబాద్‌లో 60 మంది ఉన్న సాఫ్ట్‌వేర్ స్టార్టప్‌లో మీరు టీమ్ లీడ్. మీ ఫౌండర్ గారు ఈమధ్య చిప్‌ల కంపెనీ ఎన్విడియా అధిపతి జెన్సన్ హువాంగ్ ఇంటర్వ్యూలు వరసపెట్టి చూశారు. అప్పట్నుంచి వన్ ఆన్ వన్ మీటింగులు, అంటే ఒక్కొక్కరితో విడిగా కూర్చునేవి, బంద్. మేనేజర్లను పక్కనపెట్టి 40 మంది నేరుగా ఆయనకే రిపోర్ట్ చేస్తున్నారు. సోమవారం రివ్యూలో ఎవరి తప్పు వాళ్ళ పేరుతో సహా అందరి ముందూ చర్చకు వస్తోంది. పోయిన నెల ఒక రిలీజ్ ఫెయిలైతే, చేరి ఏడాది కూడా నిండని ఒక అమ్మాయిని 40 నిమిషాలు నిలబెట్టి అడిగారు. ఆ అమ్మాయి ఆ రోజు నుంచీ మీటింగుల్లో నోరు విప్పట్లేదు. హువాంగ్ నిజంగా ఇలాగే చేస్తారా, చేస్తే అది మాలాంటి చోట పనికొస్తుందా అని అడిగారు.

నేను 24 ఏళ్ళుగా చిప్ వెరిఫికేషన్‌లో ఉన్నాను. అంటే డిజైన్ ఫ్యాక్టరీకి వెళ్ళేలోపు అందులో తప్పులు వెతికి పెట్టే పని. బెంగళూరులో కొన్నాళ్ళు, హైదరాబాద్‌లో ఎక్కువకాలం. ఎన్విడియాలో ఎప్పుడూ చేయలేదు. హువాంగ్ గురించి చెప్పేదంతా ఆయనే సభల్లో, ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నదీ, పత్రికల్లో వచ్చినదీ. మిగతాది నా సొంత అనుభవం.

మొదటి ప్రశ్నకు జవాబు చిన్నదే. అవును, చేస్తారు. 2024 ప్రాంతంలో ఆయనకు నేరుగా రిపోర్ట్ చేసేవాళ్ళు 50 నుంచి 60 మంది ఉండేవాళ్ళు. వాళ్ళతో విడివిడిగా మీటింగులు పెట్టుకోరు. ఎవరికైనా చెప్పాల్సింది ఉంటే మిగతావాళ్ళు వింటుండగానే చెబుతారు. ఆయన వాదన ఏమిటంటే, ఒకరి తప్పు నుంచి నేర్చుకునే అవకాశం ఆ ఒక్కరికే ఎందుకు దక్కాలి, గదిలో ఉన్న అందరికీ దక్కాలి కదా అని. అలాగే కంపెనీ ఎటు వెళ్తోందో ఒకరికి ముందు, ఇంకొకరికి వెనక తెలియకూడదంటారు. మన ఆఫీసుల్లో చూడండి, "సార్ నాకు మాత్రమే చెప్పారు" అనే మాట మీద ఎంతమంది బతికేస్తుంటారో! ఆ దుకాణం మూతపడుతుంది. ఇది మంచి వాదనే. నేను కాదనను.

ఇక మీ రెండో ప్రశ్న. మీ ఫౌండర్ గారు ఎత్తుకొచ్చింది సగం స్టైల్. పైకి కనబడే సగం.

ఆ 60 మంది ఎవరో ముందు చూడండి. ఎన్విడియాలో 2025 మొదటికే దాదాపు 36 వేల మంది ఉన్నారు. ఆయన బల్ల చుట్టూ కూర్చునేవాళ్ళు అందులో అందరికంటే పైన ఉన్నవాళ్ళు, తమ తమ విద్యల్లో ఆరితేరినవాళ్ళు. వాళ్ళలో చాలామంది ఆయనతో పదేళ్ళు, ఇరవై ఏళ్ళు కలిసి నడిచినవాళ్ళు. వాళ్ళకు భుజం తట్టి కెరీర్ సలహా చెప్పాల్సిన అవసరం లేదని ఆయనే అంటారు. అందరి ముందూ మాట పడినా, సాయంత్రానికి దులుపుకుని పనిలో పడేంత పేరూ ధీమా వాళ్ళకున్నాయి. మీ 40 మందిలో నిన్నగాక మొన్న కాలేజీ నుంచి వచ్చినవాళ్ళున్నారు. జీతం మాట, ఇంట్లో అనారోగ్యం, "నేను ఈ పనికి పనికొస్తానా" అనే దిగులు వాళ్ళెవరికి చెప్పుకోవాలి? సోమవారం రివ్యూలో చెప్పుకునే మాటలా అవి?

అయినా ఇది పెద్ద తేడా కాదు. దీన్ని సర్దుకోవచ్చు. అసలు తేడా ఇంకోచోట ఉంది. దానికి కాస్త పాత కథ చెప్పాలి.

1993 ఏప్రిల్‌లో ఎన్విడియా పుట్టింది. క్రిస్ మలకోవ్‌స్కీ, కర్టిస్ ప్రీమ్, హువాంగ్ ముగ్గురూ శాన్ హోసేలో డెన్నీస్ అనే చవక హోటల్లో కూర్చుని ప్లాన్లు వేసుకున్నారు. అప్పుడు హువాంగ్ వయసు 30. అదే డెన్నీస్ వాళ్ళ వేరే హోటల్లో ఆయన పదిహేనేళ్ళ వయసులో అంట్లు తోమారు. 1995లో వాళ్ళ మొదటి చిప్ ఎన్‌వీ1 వచ్చింది. కంప్యూటర్ తెర మీద మూడు కొలతల బొమ్మను వంపు తిరిగిన ముక్కలతో గీయాలన్నది వీళ్ళ పద్ధతి. ఈలోగా మైక్రోసాఫ్ట్ తన డైరెక్ట్‌ఎక్స్‌తో దిగి, త్రిభుజాలతో గీసే పద్ధతిని ఖాయం చేసేసింది. లోకమంతా త్రిభుజాల వైపు వెళ్ళింది. వీళ్ళు వంపుల్లో ఇరుక్కున్నారు. చిప్ అమ్ముడుపోలేదు.

అప్పటికే జపాన్ గేమ్ కంపెనీ సెగాతో ఒప్పందం ఉంది. వాళ్ళ తర్వాతి గేమ్ కన్సోల్‌కి ఎన్విడియా చిప్ చేసివ్వాలి. అదీ ఈ తప్పు పద్ధతిలోనే. పూర్తి చేస్తే డబ్బులొస్తాయి కానీ పోటీలో ఇక లేవలేరు. ఆపేస్తే డబ్బుల్లేక ఇప్పుడే మూతపడుతుంది. హువాంగ్ ఏం చేశారంటే, సెగా తరఫున షోయిచిరో ఇరిమాజిరి గారి దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేశారు. మేం ఎంచుకున్న పద్ధతే తప్పు, మీరు వేరేవాళ్ళను చూసుకోండి అన్నారు. అక్కడితో ఆగలేదు. అయినా సరే, ఒప్పందం ప్రకారం మాకు రావాల్సిన డబ్బు మొత్తం ఇవ్వండి, లేకపోతే మా కంపెనీ ఉండదు అని కూడా అడిగారు. పని చేయలేను, డబ్బు మాత్రం కావాలి! ఆ మాట అడగడానికి ఎంత సిగ్గుపడ్డారో 2023 మేలో నేషనల్ తైవాన్ యూనివర్సిటీ స్నాతకోత్సవంలో పిల్లల ముందు ఆయనే చెప్పారు. ఇరిమాజిరి గారు ఒప్పుకున్నారు. ఆ 50 లక్షల డాలర్లతో ఎన్విడియాకు ఆరు నెలల ఊపిరి దొరికింది.

ఆ ఆరు నెలల్లో జరిగింది నాలాంటి వెరిఫికేషన్ వాడికి పురాణ కథలాంటిది. సగానికి పైగా ఉద్యోగుల్ని పంపేశారు. త్రిభుజాల పద్ధతిలో కొత్త చిప్ మొదలుపెట్టారు. మామూలుగా అయితే మొదట నమూనా చిప్ చేయించి, అది చేతికొచ్చాక బోర్డు మీద పెట్టి తప్పులు వెతికి, మళ్ళీ ఫ్యాక్టరీకి పంపాలి. దాన్ని మేం రెస్పిన్ అంటాం. ఒక్కో రెస్పిన్‌కి నెలలు పోతాయి. వాళ్ళకన్ని నెలలు లేవు. అందుకని మిగిలిన డబ్బులో పెద్ద ముక్క పెట్టి ఎమ్యులేటర్ కొన్నారు. చిప్ ఎలా పనిచేస్తుందో నటించి చూపే పెద్ద యంత్రం అది. చాలా నెమ్మది. మామూలు చిప్ మీద రెప్పపాటులో వచ్చే బొమ్మకు దాని మీద గుడ్లప్పగించుకుని కూర్చోవాలి. నా కెరీర్ మొదట్లో అలాంటి యంత్రం ముందు రాత్రుళ్ళు గడిపాను కాబట్టి ఆ నీరసం నాకు తెలుసు. వాళ్ళు తప్పులన్నీ అందులోనే వెతుక్కుని, నమూనా లేకుండా నేరుగా తయారీకి పంపేశారు. 1997లో రీవా 128 వచ్చింది. జీతాలకు నెల రోజుల డబ్బే మిగిలి ఉండగా అది హిట్టయింది. "మన కంపెనీ ఇంకో 30 రోజుల్లో మూతపడుతుంది" అనే మాట ఆ తర్వాత చాలా ఏళ్ళ పాటు హువాంగ్ నోట ఊతపదమైంది.

ఈ కథ ఇంత పొడుగ్గా ఎందుకు చెప్పానంటే, ఆ కంపెనీలో తప్పును అందరి ముందు బల్ల మీద పెట్టి కోసి చూడటం ఫౌండర్ తప్పుతోనే మొదలైంది. కస్టమర్ ముందు, అప్పు ఇచ్చినవాడి ముందు నిలబడ్డట్టు నిలబడి, "మేం ఎంచుకున్నదే తప్పు" అన్న మనిషి ఆయన. 30 ఏళ్ళ తర్వాత కూడా, ప్రపంచంలోకెల్లా విలువైన కంపెనీల వరసలో నిలిచాక కూడా, ఆ కథనే మళ్ళీ మళ్ళీ చెబుతున్నారు. స్మార్ట్‌ఫోన్ చిప్‌ల నుంచి వెనక్కి తగ్గిన సంగతి కూడా అదే ప్రసంగంలో చెప్పారు. అలాంటి మనిషి మీటింగులో "ఇది ఎందుకు తప్పింది" అని అడిగితే వినేవాళ్ళకు ఒక తీరుగా ఉంటుంది. తన తప్పు ఒక్కటీ ఎప్పుడూ ఒప్పుకోని మనిషి అదే మాట అడిగితే ఇంకో తీరుగా ఉంటుంది. గొంతు అదే, మాట అదే. మీ ఫౌండర్ గారు సోమవారం రివ్యూలో తను తీసుకున్న నిర్ణయం ఒక్కటైనా అలా పెట్టారా? మీరు రాసినదాంట్లో నాకైతే కనబడలేదు.

ఇప్పుడు తిట్లు. 2003లో ఎన్విడియా జీఫోర్స్ ఎఫ్‌ఎక్స్ 5800 అనే గ్రాఫిక్స్ కార్డు తెచ్చింది. దాని ఫ్యాన్ ఎంత గోల చేసేదంటే జనం డస్ట్‌బస్టర్ అని పేరు పెట్టారు, చేత్తో పట్టుకునే వాక్యూమ్ క్లీనర్ పేరు అది. చివరికి ఎన్విడియా వాళ్ళే తమ ఫ్యాన్ మీద తామే జోకు వీడియో తీసుకున్నారు. హువాంగ్ ఆ కార్డు బాధ్యులెవరినీ ఉద్యోగంలోంచి తీయలేదు. కొన్ని వందల మంది ముందు నిలబెట్టి, ఆ కార్డు అలా తయారవడానికి దారితీసిన నిర్ణయాలన్నీ ఒక్కొక్కటిగా వాళ్ళ చేతే చెప్పించారు. ఆయన నోరు మెత్తనిదేమీ కాదు, అక్కడా మాటలు పడే ఉంటాయి. కానీ లెక్కలోకి వచ్చింది నిర్ణయాల వరస. ఇక్కడ ఇలా అనుకున్నాం, అక్కడ అలా అనుకున్నాం, అందుకే ఇలా తేలింది అని. ఇంత చేశాక వాళ్ళ ఉద్యోగాలు వాళ్ళకున్నాయి. మనిషిని వదులుకోవడం కన్నా చిత్రహింస పెట్టైనా గొప్పవాణ్ణి చేయడం నాకిష్టం అనే అర్థంలో 2024లో ఆయన ఒక సభలో నవ్వుతూ అన్నారు. చాలామంది ఆ మాటలో చిత్రహింసనే పట్టుకున్నారు. వదులుకోను అన్న ముక్క జారిపోయింది.

దీనికి పక్కన నేను కళ్ళారా చూసింది పెడతాను. 2011 ప్రాంతంలో నేను చేసిన ఒక కంపెనీలో (పేరు వద్దులెండి) చిప్ ఫ్యాక్టరీ నుంచి తిరిగొచ్చింది. బోర్డు మీద పెట్టి కరెంటిస్తే పదిసార్లకు ఒకసారి లేవట్లేదు. రీసెట్ దగ్గర బగ్. 30 మందిని గదిలో కూర్చోబెట్టి మా డైరెక్టర్ మొదటి ప్రశ్నే "ఈ బ్లాక్ ఎవరిది?" అన్నాడు. బ్లాక్ అంటే చిప్‌లో ఒక భాగం. రెండేళ్ళ అనుభవమున్న ఒక కుర్రాడు చెయ్యెత్తాడు. విజయనగరం వైపు అబ్బాయి, నెమ్మదస్తుడు. గంట సేపు కడిగేశాడు. కుర్రాడు ఒక్కమాట అనలేదు. సాయంత్రం టీ దగ్గర ఫోన్ తీసి పాత మెయిల్ చూపించాడు. టేపౌట్‌కి, అంటే డిజైన్ ఫ్యాక్టరీకి పంపే రోజుకి, ఏడు వారాల ముందు, రాత్రి నడిచే టెస్టుల్లో ఒకటి అప్పుడప్పుడు ఫెయిలవుతోందని తన లీడ్‌కి రాశాడు. లీడ్ జవాబు ఒకటే ముక్క. "వెయివ్ ఇట్." అంటే చూసీ చూడనట్టు వదిలేయమని. షెడ్యూల్ తరుముతోంది మరి. ఆ షెడ్యూల్ వేసింది ఎవరనుకున్నారు? ఆ డైరెక్టరే.

మరి ఆ మెయిల్ మీటింగులో ఎందుకు చూపించలేదు అని అడిగాను. "చూపిస్తే లీడ్ పోతాడు అన్నా, తర్వాత నేనూ పోతాను" అన్నాడు.

ఆ రోజు ఆ గదిలో ఉన్న 30 మందీ పాఠం నేర్చుకున్నారు, సందేహం లేదు. తర్వాతి చిప్‌కి వారం వారం స్టేటస్‌లో అంతా పచ్చరంగే. ఒక మెమరీ బగ్ గురించి టేపౌట్‌కి మూడు వారాల ముందే ముగ్గురికి తెలుసని చాలా తర్వాత బయటపడింది. ఆ ముగ్గురిలో ఒక్కరూ గదిలో చెప్పలేదు. ఆ చిప్‌కి రెండు రెస్పిన్‌లు పట్టాయి. పులిని చూసి నక్క వాత పెట్టుకోవడమంటే ఇదే. చార కనబడుతుంది, కాలిన చోటు కూడా కనబడుతుంది.

మీరు ఇంకో మాట అనొచ్చు. "మరి ఎన్విడియాలో అందరూ ఆనందంగా ఉన్నారా?" అని. ఉన్నారని నేను చెప్పను. వారానికి ఏడు రోజులు, అర్ధరాత్రి దాటేదాకా పని, మీటింగుల్లో అరుపులు అని 2024లో పత్రికల్లో కథనాలొచ్చాయి. ఉద్యోగం మానేసేవాళ్ళు ఏడాదికి మూడు శాతం లోపే, చిప్ కంపెనీల్లో అది చాలా తక్కువ. అయితే అదంతా స్టైల్ మహిమ అనుకోవడం అమాయకత్వం. ఉద్యోగులకు వాటాలిస్తారు, అవి నాలుగేళ్ళలో విడతలుగా చేతికొస్తాయి. 2025 అక్టోబరులో 5 లక్షల కోట్ల డాలర్ల విలువను తాకిన మొదటి కంపెనీ అది. ఆ షేరు అలా పెరుగుతుంటే అరుపులు చాలామందికి వినబడవు. మీ ఫౌండర్ గారు మీకిచ్చిన వాటాలెన్ని, ఎప్పుడు చేతికొస్తాయి అనేది కూడా ఈ లెక్కలో భాగమే. వాటాల్లో చిల్లర, మీటింగుల్లో చిత్రహింస అంటే కుదరదు.

అలాగే ఎన్విడియాలో ఎప్పుడూ ఎవర్నీ తీయలేదని కాదు. 1990లలో తీశారు, 2008 మాంద్యంలోనూ కొన్ని వందల మందిని తీశారు. ఆ మాంద్యంలో హువాంగ్ తన జీతం 1 డాలరు చేసుకున్నారు. తమ గ్రాఫిక్స్ చిప్‌లతో మామూలు లెక్కలు కూడా చేయించుకునేలా 2006లో కూడా అనే టెక్నాలజీ తెచ్చారు (పేరే అది, తెలుగులో చదివితే తమాషాగా ఉంటుంది). దాన్ని ప్రతి చిప్‌లోనూ పెట్టడంతో ఖర్చు పెరిగి లాభాలు తగ్గాయి, వాటాదారులు సణిగారు, షేరు పడిపోయింది. 2012లో ఇమేజ్ గుర్తింపు పోటీలో అలెక్స్‌నెట్ అనే ఏఐ ప్రోగ్రామ్ రెండు ఎన్విడియా కార్డుల మీద శిక్షణ పొంది గెలిచేదాకా ఆ పందెం దేనికో బయటివాళ్ళకు పెద్దగా అర్థం కాలేదు. ఆరేళ్ళు! తన నిర్ణయానికి తనే అంతకాలం మాటలు పడ్డ మనిషి, కింద వాళ్ళు ఒక త్రైమాసికం తప్పితే ఉద్యోగం తీసేయకపోవడంలో ఆశ్చర్యమేముంది?

సరే, స్టైల్‌లో నిజంగా ఎత్తుకోదగ్గవి రెండున్నాయి. రెంటికీ ఎవరి మీదా అరవక్కర్లేదు.

ఒకటి, ఐదు ముక్కల మెయిల్. ఎన్విడియాలో ఏ స్థాయి వాళ్ళైనా తాము చేస్తున్నవాటిలో, గమనించినవాటిలో ముఖ్యమైన ఐదు సంగతులు చిన్న మెయిల్‌గా రాసి పంపుతారు. హువాంగ్ రోజూ దాదాపు వంద చదువుతారట. మేనేజర్ల మెట్ల మీదుగా పైకొచ్చేసరికి వార్త మర్యాదగా తయారవుతుంది కాబట్టి, కింద వాసన కిందే చూడాలన్నది ఉద్దేశం. నేను 2019లో మా 14 మంది టీమ్‌లో పెట్టి చూశాను. మొదటి నెల అంతా చెత్త. "టెస్ట్ ప్లాన్ 80 శాతం పూర్తయింది" లాంటివి. నాకు విసుగొచ్చి మానేద్దామనుకున్నాను. మా ఆవిడ స్కూల్ టీచర్, "నువ్వేం రాస్తున్నావు మరి?" అంది. నేను రాయట్లేదు! నేను మేనేజర్ని కదా, చదివేవాణ్ణి. ఆ శుక్రవారం నేనే ముందు రాశాను. మొదటి ముక్క: "క్లాక్ బ్లాక్‌కి ఇద్దరు చాలని నేను చెప్పాను. తప్పు చెప్పాను. దానివల్ల రెండు వారాలు వెనకపడ్డాం." పై శుక్రవారం వచ్చిన మెయిళ్ళలో ఒక అమ్మాయి నాలుగో ముక్కగా ఇలా రాసింది: "కవరేజ్ నంబర్ 96 అని చూపిస్తున్నాం, అందులో 11 నేను మినహాయించినవి, కారణాలు సరిగ్గా చూసుకోలేదు." కవరేజ్ అంటే డిజైన్‌లో ఎంత శాతం పరీక్షించామో చెప్పే లెక్క. ఆ ఒక్క వాక్యం కోసం నేను ఎన్ని రివ్యూలు పెట్టినా రాదు. ఆ 11లో మూడు నిజం బగ్గులు.

రెండోది, వాళ్ళు స్పీడ్ ఆఫ్ లైట్ అనే కొలత. పోయినసారి కన్నా మెరుగా, పక్క కంపెనీ కన్నా మెరుగా అని అడగరు. ప్రకృతి నియమాలు తప్ప ఇంకే అడ్డూ లేకపోతే ఈ పనికి ఎంత సమయం చాలు అని అడుగుతారు. ఆ తర్వాత, ఆ సమయానికీ మన సమయానికీ మధ్య ఉన్న ప్రతి గంటా ఎక్కడికి పోతోందో వెతుకుతారు. మా దగ్గర రాత్రి టెస్టులకు 14 గంటలు పట్టేది. పోయినేడు 17 ఉండేదని మేమంతా మురిసిపోతున్నాం. ఒకరోజు పలకా బలపం తీసుకున్నట్టు వైట్‌బోర్డు మీద లెక్కేశాం. అన్ని మెషిన్లూ, అన్ని లైసెన్సులూ ఖాళీగా ఉంటే మూడు గంటలు చాలు. మిగతా 11 గంటలు? ఐదు, టెస్టులు నడిపే సాఫ్ట్‌వేర్ లైసెన్స్ కోసం క్యూ. మూడు, ఎవరో ఎప్పుడో డీబగ్ కోసం వేవ్‌ఫార్మ్ డంప్ (చిప్ లోపలి సిగ్నళ్ళన్నీ రాసిపెట్టుకోవడం) ఆన్ చేసి ఆఫ్ చేయడం మర్చిపోయినందుకు. మిగిలినవి చిల్లరమల్లర. నెలలో ఆరు గంటలకు దిగింది. ఎవరు మర్చిపోయారో నాకిప్పటికీ తెలియదు. అడగలేదు.

హువాంగ్ తరహా రివ్యూలో ఇంకో ఇరుసు ఉంది, చాలామంది దాన్ని లెక్కలోకి తీసుకోరు. ఆయన చిప్ ఇంజనీరు. ఎన్విడియాకు ముందు ఏఎండీలో, ఎల్‌ఎస్‌ఐ లాజిక్‌లో పనిచేశారు. స్లయిడ్ల కన్నా బోర్డు మీద రాసి చెప్పమంటారు, చెప్పేవాడి ఆలోచనలో ఎక్కడ సందుందో పట్టుకోగలరు. విషయం తెలిసినవాడు అడిగే ప్రశ్న నొప్పించినా పనికొస్తుంది. తెలియనివాడు అడిగేది నొప్పిస్తుంది, అంతే. మీ ఫౌండర్ గారు కోడ్ రాసిన మనిషైతే ఆ 40 నిమిషాల్లో కనీసం పది నిమిషాలైనా కోడ్ గురించి మాట్లాడి ఉండాలి. ఆ రోజు ఏం అడిగారో గుర్తుచేసుకోండి. "ఎందుకు చెక్ చేయలేదు" అనే ప్రశ్న ఎన్నిసార్లొచ్చింది, "ఏది చెక్ చేస్తే ఇది దొరికేది" అనేది ఎన్నిసార్లొచ్చింది?

మీరేం చేయాలో చెప్పమన్నారు. ఆయనతో "సార్, ఇది తప్పు" అని మొదలుపెట్టకండి. హువాంగ్ మోజులో ఉన్నారు కాబట్టి అదే దారిలో వెళ్ళండి. సెగా కథ ఆయనకు తెలిసే ఉంటుంది, తెలియకపోతే ఆ స్నాతకోత్సవ ప్రసంగం పంపండి. "రాబోయే సోమవారం రివ్యూని ఆ రిలీజ్ తేదీ నిర్ణయం దగ్గర్నుంచి మొదలుపెడదాం సార్, మీరే ముందు చెప్పండి, తర్వాత నేను, తర్వాత టీమ్" అనండి. తేదీ వేసింది ఆయనే అయ్యుంటారు, ఫౌండర్లే వేస్తారు. ఆయన సరేనంటే మీ కంపెనీలో ఈ స్టైల్ కొంత పనికొచ్చే అవకాశం ఉంది. అరుపులుంటాయి, భరించవచ్చు. నవ్వి దాటేస్తే, ఆయన్ను మార్చే పని మీది కాదు. మీ ఆరేడుగురికి మాత్రం మీరే పదిహేను రోజులకోసారి వన్ ఆన్ వన్ పెట్టండి, దానికి ఆ పేరు పెట్టకపోయినా పర్లేదు. టీకి వెళ్దాం పదమ్మా అంటే చాలు.

మొదట ఆ అమ్మాయితోనే వెళ్ళండి, ఈ వారంలోనే. ఓదార్పు కోసం కాదు, దానికి ఇంట్లోవాళ్ళున్నారు. రిలీజ్‌కి ముందు తనకేమైనా అనుమానంగా అనిపించిందా, అనిపిస్తే ఎవరికైనా చెప్పిందా అని అడగండి. చెప్పాక మీరు ఎవరితోనూ అననని మాటివ్వండి, మాట మీద ఉండండి. ఫోన్ తీసి ఏదైనా పాత మెసేజ్ చూపిస్తే, అది ఎవరికి పంపిందో కూడా చూడండి. మీకే పంపి ఉండొచ్చు.